బొండాం కోసం నోరు మూసుకున్న ఇరవై రోజులు

మా బొండాం ఎవరినీ కరవదు. కరిస్తే బాగుండేదని ఒక్కోసారి అనిపించేది. కరిచే కుక్కయితే గొలుసు వేస్తాం, గేటుకి 'కుక్క ఉన్నది జాగ్రత్త' అని బోర్డు తగిలిస్తాం, వచ్చేవాళ్ళు వీధిలోనే ఆగి పిలుస్తారు. ప్రేమించే కుక్కకి ఏ బోర్డు తగిలిస్తాం? గేటు చప్పుడైతే చాలు, పెరట్లో ఏ మూలనున్నా దూసుకొచ్చి, వచ్చినవాళ్ళ భుజాల మీద ముందుకాళ్ళు రెండూ వేసి మొహమంతా నాకేసేది. వచ్చింది చుట్టాలా, అప్పడాలు అమ్మేవాళ్ళా అన్న తేడా దానికి లేదు.

మాది గజపతినగరం దగ్గర పల్లె. నా పేరు సుభద్రమ్మ. మా ఆయన అప్పలసూరికి మూడెకరాల వరి, కాస్త మెట్ట ఉన్నాయి. రెండేళ్ళ కిందట వేరుశనగ పీకుతున్నప్పుడు చేలో దొరికిందని ఒక కుక్కపిల్లని తువ్వాల్లో చుట్టి తెచ్చాడు. పొట్ట గుండ్రంగా బొండాంలా ఉందని అదే పేరు పెట్టాం. చిన్నప్పుడు అది ఎగిరితే మోకాలు కూడా అందేది కాదు. పాపం అందడం లేదని మేమే ఎత్తుకుని ముద్దులాడేవాళ్ళం, వచ్చినవాళ్ళూ అంతే. ఏడాది తిరిగేసరికి అది నిలబడితే నా భుజం అందుకునేంత అయింది. పెరిగానన్న సంగతి మాత్రం దానికి ఎవరూ చెప్పలేదు.

పాలు పోసే గంగులు క్యాను రెండుసార్లు ఒలికింది. ఎదురింటి మరిడమ్మ చర్చికని కట్టుకున్న తెల్లచీర మీద ఎర్రమట్టి పంజాలు పడ్డాయి. వాళ్ళు తిట్టారు, నేనూ తిట్టాను, మర్నాటికి మళ్ళీ కలిసిపోయాం. అంతవరకూ నాకేం బాధ లేదు. కానీ కిందటేడు వానాకాలంలో మా లక్ష్మణమ్మ వదిన వచ్చింది.

వదినంటే మా ఆయనకి అప్ప. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి. నాకూ తల్లి లేదు. నా తొలి కాన్పుకి భావనపాడు దగ్గరున్న వాళ్ళ ఊరి నుంచి తన సంసారం వదులుకుని వచ్చి, మూడు నెలలు మా ఇంట్లో ఉండి, నాకు నీళ్ళు పోసి, పత్యం పెట్టింది ఆవిడే. ఆవిడంటే నాకు ప్రాణం. ఇందులో దాపరికమేమీ లేదు, ఊరందరికీ తెలుసు. ఆ వదిన గుమ్మంలో వంగి కాళ్ళు కడుక్కుంటుంటే బొండాం వెనకనుంచి వీపు మీదకి ఎగిరింది. ఆవిడ ముందుకి పడిపోయింది. మణికట్టు వాచి నెలరోజులు కట్టు కట్టించుకుంది. "పర్లేదే, నోరులేని జీవం" అని నవ్వేసింది గానీ, ఆ తరవాత ఎన్నిసార్లు పిలిచినా మా గడప తొక్కలేదు.

ఈమధ్య ఆవిడకి రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి. ఎదుటి మనిషి నీడలా తప్ప కనపడడం లేదు. విజయనగరంలో కంటి ఆసుపత్రి ఉంది, ఆపరేషను చేయించి పదిహేను రోజులు మా ఇంట్లో పెట్టుకోవాలని మా ఉద్దేశం. ఆపరేషనుకి తేదీ కూడా రాయించాం. ఫోను చేస్తే వదిన ఒకటే మాట.

"నానక్కడ పడలేనే సుభద్రా. కట్టుతో ఉన్నప్పుడు అది మీద పడితే కన్ను పోతాది. అవుపడకపోతే పోనీ. ఇంట్లో గోడలన్నీ నాకు తెలుసు గదా, తడుంకుంటా తిరుగుతాను."

ఆ మాటకి నాకు అన్నం దిగలేదు. మా ఆయన చెయ్యి కడుక్కుంటూ తేల్చేశాడు.

"బోగాపురంలో మా దోస్తుకి జీడితోట ఉన్నాది. బొండాన్ని అక్కడ ఇచ్చేస్తాను."

"ఇచ్చేస్తావా? సేలో దొరికిందని తెచ్చింది నువ్వే గదా మావా!" అని అరిచాను. "అప్ప కోసం కుక్కని ఒదిలేసినావంటే మీ అప్పే ఒప్పుకోదు. నాను నేర్పుతాను దానికి. ఇరవై రోజులున్నాది."

అన్నానే గానీ ఎలా నేర్పాలో నాకేం తెలుసు? ఎగిరినప్పుడల్లా ఒక్కటివ్వడమే నాకు తెలిసిన విద్య. అది దానికి ఆటలా ఉండేది.

రెండో రోజున పశువుల ఆసుపత్రి నుంచి డాక్టరమ్మ శైలజ వట్టిపోయిన మా ఆవుకి టీకా వెయ్యడానికి వచ్చింది. సందు మొగలో ఆవిడ స్కూటీ కనపడగానే నేను గేటు తీసుకుని ఎదురు పరిగెత్తాను. "రా డాట్రమ్మా రా! ఎంత ఎండలో వచ్చినావమ్మా! సిక్కిపోనావేటి! మంచినీల్లు తాగుతావా, మజ్జిగ తాగుతావా!" అంటూ ఇంకా ఏదో అనబోతుంటే నన్ను దాటుకుని బొండాం ఎగిరి ఆవిడ కళ్ళజోడు పడేసింది.

శైలజ కళ్ళజోడు తీసుకుని తుడుచుకుంది. ఆవుకి టీకా వేసి, చేతులు కడుక్కుని, నా కథంతా విని, "ఒక మాట చెప్తాను, కోపం తెచ్చుకోకండమ్మా" అంది. "మీ ఇంటికి ఎవరైనా వస్తే ముందు ఎగిరేది ఎవరు? కుక్కా, మీరా?"

నాకు ఒళ్ళు మండింది. కానీ ఆవిడ నవ్వుతూ చెప్పుకుపోయింది. "మీరు కేకలేసుకుంటూ పరిగెడితే, ఈ ఇంట్లో చుట్టాల్ని ఇలాగే పలకరిస్తారని అది నేర్చుకుంది. మీ కేక దానికి సైరను. మీరు తోసినా, తిట్టినా, దానికి అదీ ముద్దే. మనిషి గేటు తీసి లోపలికొచ్చాక, కుక్క కూర్చునేదాకా ఎవరూ మాట్లాడకూడదు. దానివైపు చూడకూడదు. వచ్చినవాళ్ళూ అంతే. దాని చోటని ఒక గోనె వెయ్యండి. నాలుగు కాళ్ళూ నేల మీదుండి, గోనె మీద కూర్చుందంటే, అప్పుడు ఉడకబెట్టిన గుడ్డు ముక్క పెట్టండి. ఆ తరవాతే మనుషుల పలకరింపులు."

ఇది విన్న పట్నం వాళ్ళకి ఇందులో కష్టమేముందో అర్థం కాదు. మా వైపు చుట్టం సందు మొగలో ఆటో దిగితే పలకరింపు అక్కడే మొదలవ్వాలి. గుమ్మం దాకా వచ్చాక "బాగున్నావా" అంటే, అబ్బో, ఎంత బిగువో అనుకుంటారు. అసలు నోరే విప్పకపోతే దానికి మా ఊళ్ళో ఒకటే అర్థం. నువ్వు రావడం మాకు ఇష్టం లేదు, వచ్చిన దారినే వెళ్ళమని. రెండు కుటుంబాలకి పడకపోతే కొట్టుకోవడాలూ తిట్టుకోవడాలూ ఉండవు, "వాళ్ళకీ వీళ్ళకీ మాటల్లేవు" అంటారంతే. ఇక నా సంగతి వేరే చెప్పాలా? నేను పలకరిస్తే పక్క వీధిలో వాళ్ళు కూడా "ఎవులొచ్చినారే" అని అడుగుతారు. అలాంటిదాన్ని నోరు మూసుకోమంది ఆ పిల్ల.

వదిన కోసం మూసుకున్నాను.

మొదట దొరికింది మరిడమ్మ. పొద్దున్నే కరివేపాకుకి వచ్చింది. "సుభద్రమ్మా" అంటూ గేటు తీసింది. నేను అరుగు మీద నిలబడి పెదవులు బిగించి, చేత్తో రా రా అని సైగ చేశాను. బొండాం ఎగిరింది. నేను ఆకాశం వైపు చూశాను. మళ్ళీ ఎగిరింది. మరిడమ్మ "ఏటే, కుక్కని పిలవ్వేటే!" అంది. నేను ఇంకా పైకి చూశాను. "నాలుగు ఆకులు అడిగినానని ఇంత పొగరా!" అని ఆవిడ వెనక్కి తిరిగి విసవిసా వెళ్ళిపోయింది. వెంట వెళ్ళి సంగతంతా చెప్పి, బతిమాలి, తీసుకొచ్చి మళ్ళీ గేటు దగ్గర నిలబెట్టాను. మూడోసారికి బొండాం అలసిపోయి గోనె మీద కూలబడింది. గుడ్డు ముక్క పెట్టాను. అప్పుడు నోరారా "రావే మరిడమ్మా!" అన్నాను.

"అయితే మీ ఇంట ముందు కుక్కకి మర్యాద, తరవాత మనిషికి. బాగున్నాది!" అని మూతి తిప్పింది. కరివేపాకు మాత్రం కొమ్మ విరిచి పట్టుకెళ్ళింది.

గంగులికి నేను చెప్పలేదు, మా ఆయన చెప్తాడనుకున్నాను. మా ఆయన నేను చెప్తాననుకున్నాడు. పాపం గంగులు పాలు పోస్తూ "ఎలగున్నావప్పా" అంటే నేను గుడ్లప్పగించి నిలబడ్డాను. వాడు అట్నుంచటే వీధి వీధికీ పాలతోపాటు కబురు కూడా పోసేశాడు. మధ్యాహ్నానికల్లా సుభద్రమ్మకి మాట పడిపోయిందని ఊరంతా తెలిసిపోయింది.

ఇక చూడండి. మాట పడిపోయిన మనిషిని చూడ్డానికి రాని వాళ్ళెవరు? వచ్చినవాళ్ళు వచ్చినట్టే గేటు తియ్యడం, "అయ్యో సుభద్రమ్మా" అనడం, నేను ఏం మాట్లాడకుండా నిలబడడం, నిజమే కాబోలని వాళ్ళు కళ్ళు తుడుచుకోవడం. వాళ్ళని పట్టించుకోకుండా నేను కుక్కకి గుడ్డు పెట్టడం చూసి ఒకావిడ మాటతోపాటు మతి కూడా పోయిందనుకుంది. బొండాం కూర్చున్నాక నేను "రండర్రా, కూకోండి" అనగానే ఒకరిద్దరు నిజంగానే భయపడ్డారు. ఒకాయన మందు వేర్లు తెచ్చాడు. మా ఆయన పొలం నుంచి వచ్చేసరికి అరుగు మీద తొమ్మిదిమంది ఉన్నారు. "ముప్పై ఏళ్ళలో ఇంత నిమ్మలంగా ఇల్లు ఎప్పుడూ లేదు" అని ఆయన వాళ్ళకి టీలు కూడా పెట్టించాడు. ఆ మాటకి చేతిలో ఉన్న గుడ్డు ఆయన మీదకే విసిరేదాన్ని. దండగని ఊరుకున్నాను.

కోపం చల్లారాక ఆలోచిస్తే మంచే జరిగిందనిపించింది. ఊరికే పిలిస్తే రోజుకి పదిమంది కుక్కకి పాఠం చెప్పడానికి వస్తారా? అసలు సంగతి తెలిశాక కూడా జనం రావడం మానలేదు. సుభద్రమ్మ నోరు మూసుకుని ఉండడం కళ్ళారా చూడాలని వచ్చారు. పక్కూరు నుంచి కూడా వచ్చారు. గేటు తియ్యగానే అందరూ ఆకాశం వైపు చూడడం, నవ్వాపుకోలేక కొంగులు నోట్లో కుక్కుకోవడం, ఎవరో ఒకరు పుసుక్కున నవ్వడం, బొండాం ఎగరడం, మళ్ళీ మొదటికి రావడం. ఎన్ని గుడ్లు ఖర్చయ్యాయో మా కోళ్ళకే తెలియాలి.

పది రోజులు నా తల ప్రాణం తోకకొచ్చింది. పదకొండో రోజున గంగులు గేటు తీస్తే బొండాం దూకుతూ వచ్చి, మధ్యలో ఆగి, వాడినీ గోనెనీ మార్చి మార్చి చూసి, తనంతట తానే వెనక్కెళ్ళి కూర్చుంది. నేనూ గంగులూ మొహమొహాలు చూసుకున్నాం. నేను అరవకుండా ఉండడానికి చెంగు నోట్లో పెట్టుకుని ఏడ్చేశాను. అంత సంతోషం వేసింది. ఆ తరవాత రెండుసార్లు తప్పింది గానీ, పద్దెనిమిదో రోజుకి పదిమంది వచ్చినా ఒక్కరి మీద కాలు వెయ్యలేదు.

ఆ సాయంత్రం వదినకి ఫోను చేశాను.

"ఒట్టు వదినా! నీ మీదకి ఎగరదు. మీ తమ్ముణ్ణి అడుగు."

"కుక్కకి సదువు సెప్పినావా? నీకు సెప్పలేక మీ పంతులు బడి మానేసినాడు గదే!" అని నవ్వింది. తరవాత, "సరే, వస్తాను. గానీ గుమ్మం కాడ ఏటైనా తేడా వచ్చినాదంటే మరి ఆగను. అదే ఆటోలో ఎల్లిపోతాను. ఎవులికీ బరువుగా ఉండడం నాకు సేతకాదు" అంది.

ఫోనులో బొండాం గురించి అరగంట మాట్లాడాను. గోనె గురించి చెప్పాను, గుడ్లు గురించి చెప్పాను, పదకొండో రోజున అది తనంతట తానే కూర్చున్న సంగతి కూడా చెప్పాను. వచ్చేటప్పుడు మేమెవ్వరం మాట్లాడమన్న ఒక్క ముక్క చెప్పడం మర్చిపోయాను. ఆవిణ్ణి తీసుకురావడానికి వెళ్ళిన మా ఆయనేమో నేను చెప్పేశాననుకున్నాడు.

ఇరవయ్యో రోజు పొద్దున్న పది గంటలకి సందు మొగలో ఆటో ఆగింది. ముందురోజే వెళ్ళిన మా ఆయన దిగి, వదిన చెయ్యి పట్టుకుని దింపాడు. ఏడాది అయింది ఆవిడని చూసి. చిక్కిపోయింది. ఒక చేత్తో తమ్ముణ్ణి పట్టుకుని, ఇంకో చేత్తో బట్టల సంచీ గుండెకి అదుముకుని, అడుగు తడిమి తడిమి వేసుకుంటూ వస్తోంది. గొంతులోంచి కేక తన్నుకొస్తుంటే గుమ్మంలో నీళ్ళ చెంబు పట్టుకుని పళ్ళు బిగించి నిలబడ్డాను. బొండాం నా పక్కన గోనె మీద ఉంది. మొహం నిండా నవ్వుతున్నాను నేను. నవ్వుతున్నానని ఆవిడకి తెలుస్తోందనే అనుకున్నాను.

మా ఆయన గేటు తీశాడు. వదిన లోపలికి రెండడుగులు వేసి ఆగింది.

"సుభద్ర ఇంట్లో లేదేటిరా?"

మా ఆయన నా వైపు చూశాడు. కుక్క చెడిపోతుందని ఆయనకీ భయమే. మాట్లాడకుండా ఆవిడ చెయ్యి నొక్కాడు.

వదిన కళ్ళు చికిలించి గుమ్మం వైపు చూసింది. "ఆ నిలబడ్డది అదే గదా. ఎర్రసీర. అదే."

నేను తల ఊపాను. గుడ్డిగా, పిచ్చిదానిలా తల ఊపాను. ఆ కళ్ళకి నేనొక ఎర్రటి మసకని. నా నవ్వు కనపడదు, నా తల ఊపడం కనపడదు. ఇరవై అడుగుల దూరంలో నిలబడి పలకరించని మనిషి మాత్రం కనపడుతోంది.

వదిన మొహం చిన్నబోయింది. నా ఎరికన ఆ మొహం అలా అవడం అదే మొదటిసారి. తమ్ముడి చేతిలోంచి తన చెయ్యి మెల్లిగా తీసుకుంది.

"పోనీలేరా, దాన్ని ఏటీ అనకు. పదిహేను రోజులు సాకిరీ అంటే మాటలా? దానికి మాత్రం ఓపికుండొద్దా? ఆటో ఇంకా ఎల్లలేదు గదా, ఒక్క కేకెయ్యి" అంది. అని వెనక్కి తిరిగింది.

ఇక కుక్కా లేదు, గోనే లేదు. చెంబు ఎక్కడ పారేశానో తెలీదు.

"వదినా!"

ఆ కేకకి ఆటోవాడు బండి ఆపేశాడని తరవాత చెప్పారు. ఇరవై రోజులు లోపల దాచిందంతా ఒక్కసారే వచ్చింది. పరిగెత్తుకెళ్ళి ఆవిడ మెడ చుట్టూ చేతులు వేసి పట్టేసుకున్నాను. "ఎక్కడికెల్తావు! ఎక్కడికే! నువ్వు నాకు బరువేటి వదినా! మాటాడితే కుక్క ఎగురుతాదని నోరు మూసుకున్నానే! నీ కోసమేనే! డాట్రమ్మ మాటాడకూడదన్నాది!" అని ఏడుస్తూ, నవ్వుతూ, ఆవిడ రెండు చెంపలూ ముద్దు పెట్టుకుంటూ ఏదేదో అరిచేశాను.

వదిన బిత్తరపోయి, తరవాత నా వీపు నిమిరింది.

"ఓసి నీ ఇల్లు బంగారం గానూ. నాకు కల్లు లేవు గదే, నీ గొంతు ఇనబడితేనే గదా నీ ఇంటికి వచ్చినానని నాకు తెలిసేది. అది కూడా లేకపోతే నాను ఎక్కడికొచ్చినానని అనుకోను?"

అప్పుడు గుర్తొచ్చింది. అంత కేక వేశాను, పరిగెత్తాను, మనిషి మీద పడి ముద్దులాడాను. ఈ పాటికి బొండాం వచ్చి మా ఇద్దర్నీ కింద పడేసి ఉండాలి. వదినకి అడ్డంగా నిలబడి, భయం భయంగా వెనక్కి తిరిగాను.

బొండాం గోనె మీదే ఉంది. ముందుకాళ్ళు తకతకలాడుతున్నాయి. ఒళ్ళంతా వణుకుతోంది. గొంతులోంచి సన్నగా కూత వస్తోంది. తోక నేలకేసి బాదుతోంది. కానీ వెనకభాగం మాత్రం గోనెకి కుట్టేసినట్టు అంగుళం కూడా లేవలేదు.

"ఆ టపటపా ఏటే?" అంది వదిన.

"దాని తోకే వదినా. కూకుంది. లెగలేదు. నాను అంత అరిసినా లెగలేదు!"

"నిజమా?" అని వదిన అటువైపు మొహం పెట్టి కాసేపు ఆ చప్పుడే వింది. ఆవిడ పెదవుల మీద నవ్వు మెల్లిగా వచ్చింది. "పాపం, ఎంతసేపని బిగబట్టుకుంటాది? రమ్మను మరి."

"నువ్వే పిలు."

వదిన ఒక్క క్షణం తటపటాయించింది. కిందటేడు వాచిన ఆ చేతినే ముందుకి చాపి, "రాయే బొండాం" అంది.

అది లేచింది. దూకలేదు. నాలుగు కాళ్ళూ నేల మీదే పెట్టుకుని, నడుము మాత్రం అటూ ఇటూ ఊపుకుంటూ నడిచి వచ్చి, ఆవిడ అరచేతి కింద తల పెట్టింది. వదిన దాని చెవులు తడిమింది, నుదురు తడిమింది. "సల్లగా బతుకు" అంది. మా ఆయన అటు తిరిగి తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నాడు. ఎండకి చెమట పట్టిందట.

ఎదురింటి మరిడమ్మ, పక్కింటివాళ్ళు, అందరూ గేటు దగ్గర చేరిపోయారు. నేను ఎవరినీ వదిలిపెట్టకుండా పేరు పేరునా అరిచి పిలిచాను, అందరికీ మా వదిన వచ్చిందని చెప్పాను. బొండాం ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని ఒక్కొక్కరి మొహమూ చూస్తోంది. ఆ పూట దానికి ముక్క కాదు, రెండు గుడ్లు పూర్తిగా పెట్టాను.

వదిన అరుగు మీద కూర్చుని ఊపిరి తీసుకుంది. అప్పటిదాకా గుండెకి అదుముకున్న సంచీ తీసి నా చేతికిచ్చింది.

"ఇది లోపలెట్టవే. ఆసుపత్రికి రేపు ఎన్నింటికి ఎల్లాలి?" అంది.